లోపమును చెప్పి ఇచ్చుట

ఒకరు వాడి విడిచిన వస్తువును మఱియొకరికి ఇచ్చునపుడు, అమ్మినను సరే, ఊరక ఇచ్చినను సరే, దానియందలి లోపమును తెలుపవలసిన బాధ్యత ఇచ్చువానికి ఎంతవఱకు కలదు? అడిగినపుడు చెప్పిన చాలునా, అడుగకున్నను చెప్పవలెనా? తనకే తెలియని లోపమును గూర్చి యేమనవలెను? ఇల్లు కొనువాడు దస్తావేజులు చూచుకొనును. ఆవును కొనువాడు పాలు పితికి చూచును. పెద్దవస్తువుల విషయమున పత్రములు, సాక్షులు, న్యాయస్థానములు కలవు. అల్పవస్తువులకు ఇవి యేవియు లేవు. అచ్చట మనస్సాక్షి యొక్కటియే సాక్షి. కావుననే యీ ప్రశ్నను అల్పవస్తువు నాధారముగా చేసికొని విచారించుట మేలని నాకు తోచినది. నేను ఎన్నుకొన్నది పిల్లల ఆటవస్తువు. పాఠకమహాశయులలో కొందఱు నవ్వుకొందురేమో. కొంతదూరము నాతో వచ్చిన పిమ్మట నవ్వవలసినదిగా ప్రార్థన.

సికిందరాబాదులో జూబిలీ బస్సుస్టేషనునుండి తిరుమలగిరికి పోవు దారియందు కార్ఖానా అను పేట కలదు. కార్ఖానా యనునది పారసీకపదము. పనులు జరుగు శాల యని అర్థము. 1806వ సంవత్సరమున మూడవ నిజాము సికందర్ జా పేర వెలసిన దండుపట్టణమున కిది యొక భాగము. నేటికిని సైనికోద్యోగుల కుటుంబములు బదిలీలపై ఇచ్చటికి వచ్చుచు పోవుచు నుండును. పోవువారు మోయలేని సామానును ఇరుగుపొరుగువారికి ఇచ్చియో, స్వల్పమైన వెలకు అమ్మియో పోవుదురు. ఇట్లు ఒక యింటి వస్తువు మఱియొక యింటికి చేరుట ఆ ప్రాంతమున నిత్యకృత్యము.

ఆ పేటలో నాకు పరిచితమైన ఒక శ్రీవైష్ణవకుటుంబమున్నది. లెక్కల కార్యాలయమున పనిచేసి విరమించిన తాతగారు, కుమారుడు, కోడలు, ఒక మనుమరాలు, ఒక మనుమడు. వీరికి కొన్ని యేండ్లుగా ఒక వింత యలవాటు పట్టుబడినది. ఇతరులు ఆడి విడిచిన జిగ్‌సా పెట్టెలను తెచ్చి, ఇంటిల్లిపాది కూర్చుండి బొమ్మను పూర్తిచేసి, దాని బాగోగులు పరీక్షించి, మూతలోపల వ్రాసి, పిమ్మట మఱియొకరికి ఇత్తురు. క్రొత్తపెట్టె కొనరు. కొన్ని పెట్టెలు బదిలీపై పోవువారి యిండ్లనుండి వచ్చును. కొన్ని విదేశములనుండి బంధువులు తెచ్చినవి. ఒకటిరెండు ఆదివారములలో ఆబిడ్స్ కాలిబాటపై ప్రాతపుస్తకముల నడుమ దొరకినవి.

ఎఱుగనివారికై ఆ వస్తువును వర్ణింతును. దళసరి అట్టపై ఒక చిత్రమును అంటించి, దానిని వంకరటింకర ముక్కలుగా కోసి, కలిపివేసి, పెట్టెలో పోసి అమ్ముదురు. ముక్కలకు బుడిపెలు, గుంటలు ఉండును. ఒకదాని బుడిపె మఱియొకదాని గుంటలో ఇముడును. మూతపైనున్న చిత్రమును చూచుచు అన్నిటిని కూర్చినచో బొమ్మ తిరిగి ఏర్పడును. దీనిని ఇకమీదట ముక్కలబొమ్మ యని వ్యవహరింతును. ఇది పుట్టినది ఆటగా కాదు, పాఠముగా. 1760 ప్రాంతమున లండను నగరమందు జాన్ స్పిల్స్‌బరీ అను పటముల పనివాడు దేశపటమును చెక్కపై అంటించి, సరిహద్దుల వెంబడి రంపముతో కోసి, బాలురకు భూగోళము నేర్పుటకై అమ్మెను. తరువాతి కాలమున చెక్కకు బదులు అట్టయు, రంపమునకు బదులు అచ్చుకత్తియు వచ్చినవి. 1930 తరువాత అమెరికాలో పనులు లేక జనులు అలమటించిన దుర్దినములలో ఈ వినోదము మిక్కిలి వ్యాపించెను. కొనలేనివారికై వీనిని అద్దెకిచ్చుటయు జరిగెను. 2020లో మహమ్మారి అందఱిని ఇండ్లలో నిలిపినపుడు మరల పెక్కుదేశములలో దీనికి గిరాకి పెరిగినది. కార్ఖానాలోని యీ కుటుంబమునకు అలవాటైనదియు అప్పుడే.

పెట్టె ఇంటికి రాగానే తాతగారు మొదట వాసన చూతురు. తడిసి ఆరిన అట్టకు ఒక వాసన కలదు; ఎండలో పెట్టినను అది పోదు, పైగా అట్ట వంకరపోవును. పిమ్మట నాలుగు ముక్కలను వ్రేళ్లతో నొక్కి, పైకాగితము అట్టనుండి లేచినదా, బుడిపెలు నలిగినవా, పండ్లగుర్తులున్నవా యని చూతురు. పండ్లగుర్తులు పసిపిల్లలవి కావచ్చును, కుక్కలవి కావచ్చును. ఆయన భేదము చెప్పగలరు. కోడలు ముక్కలను చేటలో పోసి మెల్లగా చెఱుగును. అట్టపొడి, వెండ్రుకలు, ఒక్కొక్కసారి పురుగులు రాలును. మూలముక్కలు నాలుగింటిని, అంచుముక్కలను వేఱుచేయుట పిల్లల వంతు. ఒక పెద్ద చెక్కపలకపై కూర్పు సాగును. భోజనమువేళకు ఆ పలకను అట్లే మంచము క్రిందికి త్రోయుదురు. ఈ పలక లేకున్న మా యింట సంసారము సాగదని కోడలు హాస్యమాడుట కలదు.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ముక్కలన్నియు ఉన్నవా లేవా? దీనిని తెలిసికొనుట యెట్లు?

జ్ఞానమును కలిగించు సాధనములకు ప్రమాణములని పేరు. మన విశిష్టాద్వైతసంప్రదాయమున ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని మూడు ప్రమాణములు అంగీకృతములు. ఈ యింటివారు మూటిని వాడి చూచిరి. ఇచ్చినవారు 'పూర్తిగా ఉన్నది' యనిరి, అది శబ్దము. చెప్పినవాడు ఆప్తుడైననే శబ్దము ప్రమాణమగును. ఆప్తుడనగా మంచివాడని మాత్రమే కాదు, విషయమును ఉన్నదున్నట్లు ఎఱిగినవాడని కూడ. మంచివారు సైతము కూర్చి చూడక 'పూర్తిగా ఉన్నది' యందురు. అది వారి ఆశయే కాని ఎఱుక కాదు.

అనుమానము సంగతి మఱియు విచిత్రము. వేయి ముక్కలని పెట్టెపై వ్రాసియుండును. కొన్నిటిలో 40 నిలువువరుసలు, 25 అడ్డవరుసలు. లెక్క సరిగా 1000. మఱికొన్నిటిలో 38 వరుసలు, 27 వరుసలు, లెక్క 1026. పేరు మాత్రము వేయియే. మనుమరాలు ఒకనాడు అంచుముక్కలను లెక్కించి, 126 వచ్చినవి కావున ఇది సరిగా వేయి ముక్కలదేయని నిశ్చయించెను. తాతగారు కాగితముపై వేసి చూపిరి. నలువదికి ఇరువదియైదునకు అంచు 126; ముప్పదియెనిమిదికి ఇరువదియేడునకును అంచు 126 యే. లోపల మాత్రము 26 ముక్కల భేదము. సాధ్యమున్నచోటను లేనిచోటను ఒకేతీరున కనబడు హేతువును తార్కికులు అనైకాంతికమందురు. నేను పాఠశాలలో ఈ హేత్వాభాసమును కొండమీది పొగతో, నిప్పుతో చదువుకొన్నవాడను. అట్టముక్కలతో ఇంత చక్కగా బోధపడునని అప్పుడెఱుగను.

వంటింటి త్రాసుపై నూఱు ముక్కలను తూచి, మొత్తమును తూచి, భాగించిన చాలునని కుమారుని ఉపాయము. ముక్కలన్నియు ఒకే పరిమాణము కలవి కావు. ఇంటిత్రాసు స్వల్పభేదమును పట్టదు. నలువది ముక్కల లోటు తెలియును గాని ఒకదాని లోటు తెలియదు. పోనీ, ఒక్కొక్కటిగా లెక్కపెట్టినచో? వేయియే వచ్చినను నిశ్చయము లేదు. ఒకటి పోయి, వేఱొక పెట్టెలోనిది ఒకటి చేరియుండవచ్చును. అంతేకాదు, తయారుచేయువారు ఒకే అచ్చుకత్తితో పెక్కుచిత్రములను కోయుట కలదు; అందుచే పరాయిముక్క ఆ గుంటలో చక్కగా ఇమిడి కూర్చుండుటయు సంభవమే. రంగు మాత్రము కలియదు.

కావున కూర్చి చూచుట యొక్కటియే గతి. ఇచ్చట ఒక శాస్త్రవిషయము జ్ఞప్తికి వచ్చుచున్నది. వస్తువు లేదనుట ఎట్లు తెలియునని భాట్టమీమాంసకులు ప్రశ్నించి, అనుపలబ్ధి యను ప్రత్యేకప్రమాణమును చెప్పిరి. ఉన్నచో కనబడి తీరవలసినది కనబడకున్నపుడు దాని లేమి తెలియును. చీకటిగదిలో కుండ కనబడలేదని కుండ లేదనరాదు. మనవారు అభావమును వేఱుపదార్థముగా అంగీకరింపక, అది మఱియొక భావపదార్థమే యని చెప్పుదురు. ముక్క లేనిచోట పలక కనబడుచున్నది. ఆ పలకను చూచుటయే ముక్క లేమిని చూచుట. ముక్కలు పెట్టెలో కుప్పగా నున్నంతసేపు లేమికి చోటే లేదు. తొమ్మిదివందల తొంబదితొమ్మిది ముక్కలు తమతమ స్థానములు చేరిన పిమ్మటనే వేయవది లేదని తెలియును. అనగా ఈ వస్తువు యొక్క లోపము, కొన్నవాని శ్రమ అంతయు ముగిసిన పిమ్మట, చిట్టచివరి ఘడియలో బయటపడును. ఈ సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొనవలెను.

రెండేండ్ల క్రితము వేసవిలో ఒక పెట్టె వచ్చినది. ఊరు విడిచి పోవుచున్న ఒక కుటుంబమువారు స్వల్పమైన వెలకు ఇచ్చిరి. పూర్తిగా ఉన్నదనిరి. సరస్సు, దానిపై రాతివంతెన, వెనుక మంచుకొండలు. ఇల్లంతయు కూర్చుండగా పందొమ్మిది దినములు పట్టినది. ఆ యింట పనిచేయు ఆమెకు ఎనిమిదేండ్ల బిడ్డ కలదు. బడికి సెలవులగుటచే తల్లితో వచ్చి పలకయొద్ద కూర్చుండెడిది. చూపు చుఱుకైన పిల్ల. పెద్దలకు దొరకని ముక్కలను ఆమె తీసి యిచ్చెడిది. పందొమ్మిదవనాటి రాత్రి బొమ్మ పూర్తియైనది, వంతెన రెండవ కమాను నడుమ ఒక్క ముక్క తప్ప.

వెదకిరి. మంచముక్రింద, తలగడ గలీబులలో, చీపురు ఊడ్చిన మూలలో, చేట అల్లికసందులలో. లేదు. అప్పుడు చిన్నపిల్లవాడు, వానికి కల్మషము తెలియదు, "నిన్న ఆ అమ్మాయే కదా ఇక్కడ కూర్చుంది" అనెను. ఎవరును బదులు చెప్పలేదు. ఎవరును కాదనలేదు. మఱునాడు పనిమనిషి వంటింట గిన్నెలు తోముచుండగా పిల్లవాడు అదేమాటను మరల అనెను. ఆమె చేతులు కడుగుకొని, మూలనున్న తన బిడ్డ సంచిని తెచ్చి, నడవలో బోర్లించి, "చూసుకోండమ్మా" అన్నది. రెండు గాజులు, ఒక పెన్సిలుముక్క, సగము తిన్న బిస్కత్తుపొట్లము. మఱునాటినుండి బిడ్డ రాలేదు.

కోడలికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. ముక్క వారి యింటనే జారిపడియుండునేమోయని, పెట్టె ఇచ్చినవారికి ఫోను చేసెను. వారు మర్యాదగనే మాటలాడిరి. "ఓ, అదా! వంతెన దగ్గర ముక్కే కదండీ? అది మేము కొన్న ఏడాదే పోయింది. వెయ్యిటిలో ఒకటే కదా అని చెప్పలేదు" అనిరి.

అదేరోజు సాయంకాలము కోడలు, తాతగారు పనిమనిషి ఇంటికి పోయి ఉన్న సంగతి చెప్పి వచ్చిరి. నాలుగుదినములకు బిడ్డ తిరిగి వచ్చినది. ఐనను ఇప్పటికిని ఆ పిల్ల పలకయొద్ద చేతులు వెనుకకు కట్టుకొని కూర్చుండును. ముక్క కనబడినచో వ్రేలితో చూపునే కాని తాను తీయదు.

శ్యమంతకమణి కథను ఎఱుగని వైష్ణవగృహము లేదు. వినాయకచవితినాడు చదువుకొని అక్షతలు వేసికొందుము. ప్రసేనుడు మణిని ధరించి వేటకు పోయి సింహముచే మరణించెను. సింహమును జాంబవంతుడు చంపి, ఆ మణిని తన బిడ్డకు ఆటవస్తువుగా నిచ్చెను. ద్వారకలో మాత్రము నింద శ్రీకృష్ణునిపై పడినది. ఎవరును ఎదుట నిలిచి దొంగవని అనలేదు. సత్రాజిత్తు మాట చెవినుండి చెవికి ప్రాకినది. సర్వజ్ఞుడైన స్వామి సైతము ఆ నిందను తేలికగా తీసికొనక, స్వయముగా అడవికి పోయి, గుహలో ఇరువదియెనిమిది దినములు పోరాడి, మణిని తెచ్చి సభలో చూపవలసి వచ్చెను. కనబడని వస్తువునకు లోకము ఒక దొంగను వెదకుకొనును. ద్వారకాధీశునకు గుహకు పోవు శక్తి కలదు. ఎనిమిదేండ్ల పేదబిడ్డకు సంచి బోర్లించుట తప్ప ఏమి శక్తి కలదు? పెట్టె ఇచ్చినవారు అబద్ధమాడి ధనము గడింపదలచినవారు కారు. వెల మిక్కిలి స్వల్పము. వారు దాచినది అట్టముక్కంత సంగతి. ఆ ఖాళీచోట పడినది ఒక బిడ్డ మానము.

ఈ విషయమున ధర్మశాస్త్రమేమి చెప్పుచున్నది? దోషముగల వస్తువును దోషము లేనిదానివలె అమ్మినవానికి వెలకు రెట్టింపు దండమని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. వాడిన వస్తువు మాట వేఱని కొందఱందురు. నారదస్మృతిలో వాడి నలిగి మాసిన వస్త్రమును కొన్నవాడు, అది దోషము కలదే యైనను, అమ్మినవానికి తిరిగి ఈయరాదని కలదు. ఒకసారి ఉదికిన వస్త్రము వెలలో ఎనిమిదవవంతును, రెండుసారులైన నాలుగవవంతును, మూడుసారులైన మూడవవంతును, నాలుగుసారులైన సగమును కోల్పోవునని కూడ ఆ స్మృతియే లెక్క చెప్పినది. దీనినిబట్టి ప్రాతవస్తువును కొన్నవాడే జాగ్రత్తపడవలెనని, ఇచ్చినవానికి దోషము లేదని వాదింపవచ్చును.

ఈ వాదము నిలువదని నా అభిప్రాయము. మాసిన వస్త్రము యొక్క మాపు కంటికి కనబడును. విప్పి చూచినచో చిరుగు తెలియును. చూడదగినదానిని చూడక కొన్నచో తప్పు కొన్నవానిది. కాని లోపములన్నియు ఒకేకాలమున బయటపడవని శాస్త్రకారులు చక్కగా ఎఱుగుదురు. అందుకే యాజ్ఞవల్క్యుడు పరీక్షాకాలమును వస్తువునుబట్టి వేఱువేఱుగా నిర్ణయించెను. ఇనుమునకు ఒక దినము, పాడిపశువునకు మూడు దినములు, బరువులాగు పశువునకు ఐదు, రత్నమునకు ఏడు, విత్తనములకు పది. ఇనుము కన్న విత్తనమునకు గడువు అధికమేల? నేలలో వేసి నీరు పోసి వేచియున్నగాని విత్తనము చచ్చినదో బ్రతికినదో తెలియదు గనుక. ముక్కలబొమ్మ ఈ విత్తనముల జాతికి చెందినది. మన కుటుంబమునకు పందొమ్మిది దినములు పట్టినది. కొన్నవానికి పరీక్ష ఎంత కష్టమో, ఎఱిగినవాడు నోరు తెఱచి చెప్పవలసిన అగత్యము అంత అధికము.

'వేయిటిలో ఒకటే కదా' అను మాటను కూడ విచారింతము. ఇది వినుటకు తేలికమాట. లోతున అవయవములకు అవయవికి గల సంబంధమును గూర్చిన పెద్దవివాదము దాగియున్నది. నైయాయికుల మతమున అవయవములు కలిసినపుడు అవయవి యను క్రొత్తద్రవ్యము పుట్టును. దారములు వేఱు, వస్త్రము వేఱు. ఒక కొన పట్టి లాగిన మొత్తము వచ్చుచున్నది కనుక అవయవి యొకటి కలదని వారి యుక్తులలో నొకటి. బుడిపెలతో పెనవేసికొన్న ముక్కలబొమ్మను చూచినవారికి ఈ యుక్తి హృద్యముగా నుండును. ఒక దారము తీసివేసినచో పూర్వపువస్త్రము నశించి ఖండపటము వేఱుగా పుట్టునని కూడ వారందురు. ఆ మతమున ఒక ముక్క తక్కువైన బొమ్మ వేఱొక వస్తువే. పెట్టె ఇచ్చినవారు ఒకదాని పేర మఱియొకటి ఇచ్చినట్లే.

భగవద్రామానుజులు శ్రీభాష్యమున ఆరంభణాధికరణమందు ఈ పక్షమును ఖండించిరి. మట్టియే ఒక యవస్థను పొంది కుండ యను పేరును, నీరు తెచ్చుట యను ప్రయోజనమును పొందుచున్నది. మట్టికంటె వేఱైన ద్రవ్యము క్రొత్తగా పుట్టలేదు. వేదాంతదేశికులును అవయవి యను వేఱుపదార్థమును నిరాకరించిరి. అట్లయిన ముక్కలు ఒక విశేషసన్నివేశమున నిలుచుటయే బొమ్మ. అప్పుడు 'పోయినది ఒక ముక్కయే, వేఱేమియు పోలేదు' అని ఇచ్చినవారు సంతోషింపవచ్చునా? పోలేదు సరియే, కాని పూర్ణమను పేరు ఆ సన్నివేశమునకు చెందినది. సన్నివేశము లేనప్పుడు పేరును లేదు. లేని అవస్థకు పేరు పెట్టి ఇచ్చుట రెండు మతములలోను అసత్యమే. ఇంతటి విభేదము గల యిరువురు వాదులు అట్టముక్క విషయమున ఏకమైరి!

ఒక్క మాట. ఈ ఆటను చూచునపుడు భక్తులకు శేషశేషిభావము స్ఫురించుట సహజము. విడిగా చేతనున్న నీలపుముక్క నీరో, ఆకాశమో, ఎవరిదైన వస్త్రపు అంచో తెలియదు. తన చోటు చేరినపుడే దాని రంగునకు అర్థము. ఇతరునికొఱకు ఉండుటయే తన స్వరూపమైనది శేషము. జీవుని స్వరూపమును బాలురకు చెప్పుటకు ఇది మంచి ఉపమానమే. ఐనను దీనిని ఎక్కువదూరము లాగరాదు. భగవానుడు జీవులను కూర్చగా ఏర్పడిన మొత్తము కాడు. ఆయన వారికి ఆత్మ, వారు ఆయనకు శరీరము. ఉపన్యాసములలో ఈ హద్దు తెలియక అందమైన ఉపమానములతో అపసిద్ధాంతము చెప్పువారు కలరు.

ఇంతవఱకు అమ్మకమును గూర్చి చెప్పితిని. దానము మాట యేమి? ఊరక ఇచ్చుచున్నదానికి లోపమెంచుట యెందుకని లోకులందురు. ముక్కలు పోయిన పెట్టెలను ఏరి, 'పేదపిల్లలకు ఇది చాలును, వారికి తెలియదు' అని అనాథాశ్రమములకు పంపువారిని నేనెఱుగుదును. కఠోపనిషత్తు ఆరంభమున వాజశ్రవసుడు సర్వస్వదానము చేయుచు, ఇక నీరు త్రాగలేని, గడ్డి మేయలేని, పాలు ఇయ్యలేని, ఈనలేని గోవులను దక్షిణగా నిచ్చెను. చూచి బాధపడినది ఆయన కుమారుడైన నచికేతుడు, బాలుడు. వాజశ్రవసుడు ఆ గోవులను గూర్చి అబద్ధమాడినట్లు ఉపనిషత్తు చెప్పలేదు. అవి ముసలివని అందఱి కంటికిని కనబడుచునే యున్నవి. ఐనను బాలుని హృదయము ఒప్పలేదు. అనగా దానమున లోపమును దాచకుండుట మాత్రమే చాలదు; ఇచ్చినదానిలో పుచ్చుకొనువానికి ఉపయోగము మిగిలియుండవలెను. అమ్మకమునకు ఒక నియమమైన దానమునకు రెండు. లోకము దీనిని తలక్రిందులు చేసికొన్నది.

ఒక ముక్క పోయిన బొమ్మలో పందొమ్మిది దినముల ఆనందము చెక్కుచెదరక ఉన్నది. చెప్పి ఇచ్చినచో అది మంచిదానమే. నలువది ముక్కలు పోయినది ఎండిన గోవు. అట్టివానిని ఈ కుటుంబమువారు ఎవరికిని ఈయరు. ఆ ముక్కలు మనుమనికి కూడికలు, తీసివేతలు నేర్పుటకు ఉపయోగపడుచున్నవి.

వంతెనబొమ్మను ఏమిచేసిరని పాఠకులు అడుగుదురు. తాతగారు ఖాళీచోటుపై పలుచనికాగితము పెట్టి ఆకారమును గీసి, అదే మందముగల అట్టను కోసి ముక్కను చేసిరి. మనుమరాలు రంగులు వేసెను. రాతికమాను నీడ ఎంత చక్కగా కుదిరినదనగా, రెండు మూరల దూరమునుండి చూచినచో పోల్చుట కష్టము. అప్పుడు ఇంట ఒక చర్చ పుట్టినది. ఇంత చక్కగా కుదిరినపుడు పూర్ణమని వ్రాయరాదా యని కుమారుడు. కొన్నవానికి నష్టమేమియు లేదు గదా యని అతని వాదము. తాతగారు ఒప్పుకొనలేదు. దేవాలయములలో జీర్ణోద్ధారణ జరుగును. చిన్న అవయవములకు కలిగిన లోపమును సరిచేయుటకును, ప్రధానాంగము పోయినపుడు బింబమును మార్చుటకును ఆగమములలో వేఱువేఱు విధులు కలవు. ఏది చేసినను చాటున చేయరు. బాలాలయము ఏర్పఱచి, ఊరివారందఱు ఎఱుగ చేయుదురు. మరమ్మతు చేసితిమని చెప్పుకొనుటకు దేవాలయమునకు లేని సిగ్గు మనకెందుకని ఆయన అడిగిరట. మనుమరాలు ఆ ముక్క వెనుక సిరాతో 'ఇది మేము చేసినది' అని వ్రాసెను.

మొదట అడిగిన మూడవప్రశ్న మిగిలియున్నది. తనకే తెలియని లోపము మాటయేమి? పందొమ్మిది దినములు వెచ్చించి కూర్చి చూచుటకు అందఱికిని తీరిక యుండదు. పెద్ద పెట్టెలు కొన్ని రెండువేల ముక్కలవి. ఈ కుటుంబమునకే అన్నిటిని కూర్చుటకు వ్యవధి చాలదు. తెలియనిదానిని తెలియదనుట కూడ ఎఱుకయే, అదియు పుచ్చుకొనువానికి చెందవలసినదే. ఇప్పుడు ఆ యింటినుండి బయటికి పోవు ప్రతిపెట్టె మూతలోపల మూడు మాటలలో ఒకటి యుండును. 'కూర్చి చూచితిమి, పూర్ణము' అని యొకటి. 'కూర్చి చూచితిమి, ఇన్ని లేవు, ఫలానాచోట' అని యొకటి. 'కూర్చి చూడలేదు' అని యొకటి. వంతెనబొమ్మ మూతలో రెండవమాటకు తోడు తాము చేసిన ముక్క సంగతియు, పందొమ్మిది దినములు పట్టిన సంగతియు వ్రాసి, సమీపమున నున్న ఒక పఠనమందిరమునకు ఇచ్చిరి. మూడవమాట వ్రాసిన పెట్టెలను పుచ్చుకొనువారు వెల తగ్గింపుమని అడుగుదురు. కోడలు బేరమాడక తగ్గించి ఇచ్చుచున్నది.